మన కథ మనం చెప్పుకోవాలి: సురవరం ప్రతాపరెడ్డి గారి జీవితం

ఈ వార్షిక సంచికలో మన మతపెద్దల, విద్యాదాతల జీవితాలు చదవడం మన పాఠకులకు అలవాటే. ఈసారి మేము సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి రాస్తున్నాం. ముస్లిం సంక్షేమ సంఘం సంచికలో ఆయన జీవితం ఎందుకు అని కొందరు సోదరులు అడగవచ్చు. అడగడం న్యాయమే. ఆయన మన గద్వాల ప్రాంతంలో పుట్టి, మన వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనవారు. ఇది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మీకు భాష లేదు, కవులు లేరు, చెప్పుకోదగిన చరిత్ర లేదు అని ఇతరులు అంటే తలవంచుకున్న జనం, మళ్లీ తలెత్తుకోవాలంటే ఏం చేయాలో ఆయన తన జీవితంలో చేసి చూపించారు. ఆ పని ఈనాడు మనకూ ఎంతో అవసరమని మా నమ్మకం.

ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న బోరవెల్లి గ్రామంలో జన్మించారు. తండ్రి నారాయణరెడ్డి గారు, తల్లి రంగమ్మ గారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. ఇవి ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా ఊళ్లు. ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తుంగభద్ర పారే ఈ నేలను మనవాళ్లు నడిగడ్డ అంటారు. ఆ రోజుల్లో తుంగభద్రకు అవతల ఉన్న కర్నూలు ఇంగ్లీషువారి మద్రాసు రాజధానిలోది, ఇవతలి ఒడ్డు నిజాం రాజ్యంలోది. రాయచూరు దగ్గర కాబట్టి కన్నడం కూడా చెవిన పడుతూ ఉండేది. అలంపురంలో నవబ్రహ్మల గుళ్ల పక్కనే హజ్రత్ షా అలీ పహిల్వాన్ గారి దర్గా ఉంది. గుడికి పోయినవారు దర్గాలో కూడా ఫాతిహా ఇప్పించుకుని పోవడం అక్కడ వింత కాదు. రెండు మూడు భాషలు, రెండు మతాలు పక్కపక్కనే బతికే ఇలాంటి నేల మీద ఆయన బాల్యం గడిచింది.

కర్నూలులో బంధువుల ఇంట ఉండి ఆయన చదువుకున్నారు. సంస్కృతం నేర్చుకున్నారు. ఆ తర్వాత మద్రాసు వెళ్లి బి.ఏ., న్యాయశాస్త్రం పూర్తి చేశారు. ఉర్దూ, ఫార్సీ కూడా బాగా వచ్చు. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి. ఎందుకంటే తెలుగు కోసం జీవితాన్ని ధారపోసిన ఈ మనిషికి ఉర్దూ మీద ద్వేషం ఉండి ఉంటుందని కొందరు పొరబడుతుంటారు. ఉర్దూ రానివాడు ఆయన రాసిన కథలు రాయలేడు. ఆ మాట ముందు ముందు చెబుతాం.

చదువు ముగించుకుని ఆయన హైదరాబాదులో పని మొదలుపెట్టే నాటికి రాజ్యంలో పరిస్థితి ఎలా ఉందో యువకులు తెలుసుకోవాలి. నిజాం రాజ్యంలో జనాభాలో సుమారు సగం మంది తెలుగు మాట్లాడేవారు. మిగిలినవారిలో మరాఠీ, కన్నడ, ఉర్దూవారు ఉండేవారు. 1880ల నుంచి ఫార్సీ స్థానంలో ఉర్దూ సర్కారు భాష అయింది. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే. స్వదేశీ భాషలో ఉన్నత విద్య చెప్పిన ఆ ప్రయత్నం దేశానికే ఆదర్శం అనడంలో సందేహం లేదు. అయితే పల్లెటూరి రైతుకు తహసీలు కచేరి నుంచి వచ్చే కాగితం అర్థమయ్యేది కాదు. అర్జీ రాయించుకోవాలంటే ఎవరినో బతిమాలుకోవాలి, పైసలు ఇచ్చుకోవాలి. తన భూమి తగాదాలో తన గురించి ఏం రాశారో తనకే తెలియదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. కచేరీల ఆ ఉర్దూ మన బీద ముస్లింలకు సైతం పరాయిదే. దూది ఏకే దూదేకుల సోదరుడు ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు. మన నానీలు, దాదీలు మాట్లాడింది దక్కనీ. దస్తావేజుల భాష వారికీ అంతుపట్టేది కాదు.

ఇలా ఉండగా 1921 నవంబరులో హైదరాబాదులో సంఘ సంస్కరణ సభ ఒకటి జరిగింది. స్త్రీ విద్యకు పేరుపడిన కార్వే పండితుడు దానికి అధ్యక్షులు. ఇతర భాషల్లో ఉపన్యాసాలు సజావుగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు గారనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోతే మాత్రం సభలోనివారు నవ్వి, గోల చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. గోల చేసినవారు ముస్లింలు కారు. అక్కడ ఎక్కువగా ఉన్నది మరాఠీ మాట్లాడే సోదరులు. అంటే ఆ నాటి గాయం హిందూ ముస్లిం తగాదా కాదు. ఒక మనిషి నోరు తెరిచి తన తల్లి భాషలో మాట్లాడితే దానికే పదిమంది నవ్వడం, ఆ నవ్వుకు అతడు సిగ్గుపడి కూర్చోవడం, ఇదీ గాయం. దెబ్బ తగిలినవాడు నలుగురికీ చెప్పుకుంటే బాధ కొంత తగ్గుతుంది. చెప్పుకోవడానికి ఉన్న భాషే నవ్వులపాలైతే వాడు ఇంకెక్కడ చెప్పుకుంటాడు? ఈ అవమానం నుంచే మాడపాటి హనుమంతరావు గారు మొదలైన పెద్దల చేతుల మీదుగా ఆంధ్రజన సంఘం పుట్టింది. ప్రతాపరెడ్డి గారు ఈ ఉద్యమంలో ముందు వరుసలో నిలిచారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు.

హైదరాబాదులో ఆయనకు ఆధారమైనది రెడ్డి హాస్టలు. వనపర్తి సంస్థానంలో పుట్టి హైదరాబాదు నగరానికి కొత్వాలు అయిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు 1918లో దానిని స్థాపించారు. ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టలు బాధ్యతలు చూస్తూ, అక్కడి గ్రంథాలయాన్ని పెంచి, పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు పుస్తకాల రుచి చూపించారు.

1926 మే 10న గోలకొండ పత్రిక వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చేది. ప్రతాపరెడ్డి గారు దాని ప్రాణం. సంపాదకీయం రాయడం మొదలు అచ్చుతప్పులు దిద్దడం దాకా అన్ని పనులూ చేసుకునేవారు. రాసేవాళ్లు చాలక తానే రకరకాల మారుపేర్లతో వ్యాసాలు, కథలు రాసేవారు. సభ పెట్టాలన్నా సర్కారు అనుమతి కావలసిన రోజులవి. సంపాదకీయాల మీద ఆంక్షలు వచ్చినప్పుడు ఆయన ఆ జాగాలో లోకంలోని మహనీయులు స్వేచ్ఛను గురించి చెప్పిన మాటలు ఏరి అచ్చు వేశారట. దానిని తప్పు పట్టడం సర్కారుకు కష్టమైంది.

ఇక ఆయన చేసిన పనులన్నింటిలో మా దృష్టిలో గొప్పదాని సంగతి. 1930ల్లో ఒక పండితుడు తెలంగాణలో కవులు లేరని తేల్చి రాశాడు. ఆ మాట చదివినవారి మనసు ఎంత నొచ్చుకుని ఉంటుందో ఊహించండి. కోపంతో నాలుగు తిట్లు రాసి పంపవచ్చు. లేదా నిజమే కాబోలు అని మూగగా ఊరుకోవచ్చు. లోకంలో చాలామంది చేసేది ఈ రెండింటిలో ఒకటి. ప్రతాపరెడ్డి గారు మూడో దారి పట్టారు. తన పత్రిక ద్వారా తెలంగాణ నలుమూలల కవులను పద్యాలు, తమ వివరాలు పంపమని కోరారు. వచ్చినవన్నీ కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక అనే పుస్తకం అచ్చు వేశారు. అందులో 354 మంది కవులు! గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలు, ఈ సంస్థానాలన్నీ కవులను పోషించినవే. పండితులకు ఇచ్చిన ఆదరం వల్ల గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. అయినా ఈ కవుల పేర్లు ఒకచోట చేరలేదు కాబట్టి బయటివారికి లేనట్టే అయింది.

ఈ సంచిక వచ్చాక మారినది ఏమిటి? అప్పటికప్పుడు కవులు పుట్టుకు రాలేదు. వాళ్లు ముందునుంచీ ఉన్నవాళ్లే. కాకపోతే ఏదో ఊళ్లో కూర్చుని పద్యం రాసుకునే మనిషికి, తాను ఒంటరిని కాను, నావంటివారు ఇంకా 353 మంది ఉన్నారు అని తెలిసింది. మేమెవరం అన్న ప్రశ్నకు జవాబు దొరకడం అంటే ఇదే. ఆ జవాబు ఉపన్యాసం వల్ల రాదు. ఒక్కొక్క పేరు, ఒక్కొక్క ఊరు రాసి పెడితే వస్తుంది.

ఆయన మొగలాయి కథలు కూడా రాశారు. మొగలాయి అంటే నిజాం రాజ్యపు పాత జమానా పద్ధతులు. అధికారుల దర్జా, లంచాలు, వెట్టి, రైతుల అమాయకత్వం, ఇవన్నీ ఆయన నవ్వు పుట్టించేలా రాశారు. వాటిలో ఒక కథ పేరు గ్యారా కద్దూ బారా కొత్వాల్. పదకొండు గుమ్మడికాయలకు పన్నెండుమంది కొత్వాళ్లు అన్నమాట. పేరులోనే సంగతి మొత్తం ఉంది. అమ్ముకుందామని తెచ్చిన సరుకు కన్నా దాని మీద చెయ్యి వేసే అధికారులే ఎక్కువ. ఈ సామెత ఉర్దూది, కథ తెలుగుది. బాధపడినవాడు తన బాధను కథ చేసి చెప్పి నలుగురిని నవ్వించగలిగితే, బాధపెట్టినవాడి భయం సగం పోతుంది. పెత్తనం ఉర్దూలో సాగిన మాట నిజమే. దాన్ని వెక్కిరించే సామెత కూడా ఉర్దూలోనే ఉందని ప్రతాపరెడ్డి గారికి తెలుసు. దోషం భాషది కాదు, దాన్ని పట్టుకుని పెత్తనం చేసేవాడిది.

కథ చెప్పుకుని దుఃఖాన్ని మోయడం మనకు కొత్త విషయం కాదు. క్రీస్తు శకం 680లో కర్బలాలో ఇమాం హుసేన్ గారు, ఆయన పరివారం షహీదులయ్యారు. ఆ దుఃఖం ఎక్కడి ఇరాకు, ఎక్కడి పాలమూరు! అయినా మన పల్లెల్లో పీర్ల పండుగ నాడు గుండం చుట్టూ అలాయి ఆడుతూ హసన్ హుసేన్‌ల కథను తెలుగు పాటల్లో పాడేవారిలో హిందూ రైతులు, కూలీలు ఎందరో ఉన్నారు. పీర్లను ఎత్తుకునేవారిలోనూ వారున్నారు. మతపరంగా ఈ ఆచారాల మీద మన పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, ఆ చర్చ ఇక్కడ మేము చేయం. మేము చెప్పేదల్లా, ఒకరి దుఃఖం ఇంకొకరి భాషలోకి వెళ్లినప్పుడు అది ఇద్దరిదీ అవుతుంది. నీళ్లు దొరక్క చనిపోయిన పసివాళ్ల కథ కరువు సీమ అయిన పాలమూరు తల్లులకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు కదా!

ఇప్పుడు మనం మాట్లాడడానికి జంకే సంగతికి వస్తున్నాం. 1947, 48 సంవత్సరాలు ఈ రాజ్యానికి చీకటి రోజులు. రజాకార్ల దౌర్జన్యాలకు ఎన్నో గ్రామాలు గురయ్యాయి. రాజ్యం భారతదేశంలో చేరాలని రాసిన ఉర్దూ పత్రికా సంపాదకుడు, ఇరవై ఏడేళ్ల షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యారు. సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సైనిక చర్య జరిగింది. ఆ తర్వాతి రోజుల్లో, ముఖ్యంగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ఏ పాపం ఎరుగని వేలాది ముస్లింలు చంపబడ్డారు. నెహ్రూ గారి ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ గార్ల బృందం ఊరూరూ తిరిగి, చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల దాకా ఉండవచ్చని అంచనా వేసింది. ఆ నివేదికలోనే ఇంకో సంగతి ఉంది. కొన్నిచోట్ల హిందూ సాలెవారు తమ ప్రాణాలు పోగొట్టుకుని కూడా తోటి ముస్లిం సాలెవారిని కాపాడారు. నేత పనికి పేరుపడిన గద్వాల వంటి ఊరివాళ్లం మనం ఈ సంగతి తెలుసుకుని తీరాలి. కానీ ఎలా తెలుస్తుంది? ఆ నివేదిక చాలా ఏళ్ల దాకా జనానికి అందనే లేదు.

ఇన్నాళ్లూ మన ఇళ్లల్లో ఏం జరిగింది? పోలీసు యాక్షన్ అనే రెండు మాటలు అని పెద్దలు మౌనం వహించారు. ఎవరు పోయారు, ఎవరు దాచారు, ఇల్లు వదిలి ఎక్కడికి వెళ్లారు అన్నది పిల్లలకు చెప్పలేదు. చెబితే పగ పెరుగుతుందని భయం. వారి భయాన్ని మేము తప్పు పట్టం. కానీ చెప్పని కథ పోదు. పిల్లలకు కారణం తెలియకుండా భయం మాత్రం అందుతుంది. ఆపై ఎవరో వచ్చి తమకు తోచిన కథ చెప్పి, మీరెవరో మేము చెబుతాం అంటారు. అప్పుడు కాదనడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

ఆ గాయాలు పచ్చిగా ఉన్న 1949లోనే ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడింది. సుమారు వెయ్యేళ్ల కాలంలో తెలుగువారు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు, ఏ వ్యాపారాలు చేశారు, దేనికి భయపడ్డారు అన్నది అందులో విషయం. రాజుల యుద్ధాలకు అందులో పెద్దపీట లేదు. అంతవరకు చరిత్ర అంటే శాసనాలు, దండయాత్రలు అనుకునే రోజుల్లో ఆయన కథల పుస్తకాలు ముందు వేసుకుని కూర్చున్నారు. క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యాల్లో కవులు ఊరికే వర్ణనగా రాసిన వంటకాలు, నగలు, అంగళ్లు, పనిముట్లు ఏరి చరిత్ర కట్టారు. కథ చెప్పినవాడు తెలిసో తెలియకో తన కాలాన్ని దాచిపెడతాడని ఆయన నిరూపించారు.

ఈ గ్రంథాన్ని మేము కళ్లు మూసుకుని పొగడడం లేదు. ముస్లిం పాలకుల గురించి ఆయన చేసిన కొన్ని తీర్పులు కటువుగా ఉన్నాయి. చదివితే మన మనసు నొచ్చుకుంటుంది. దీనికి మందు ఏమిటి? పుస్తకం అవతల పారేయడం మాత్రం కాదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు ఆయన ఏం చేశారో మనమూ అదే చేయాలి. మన సాలెవారు, దూదేకులవారు, అత్తరు సాయిబులు, గాజులు అమ్మినవారు, బండ్లు తోలినవారు, బడిపంతుళ్లు ఎలా బతికారో పేర్లతో, ఊళ్లతో మనమే రాసి ఆ చరిత్ర పక్కన పెట్టాలి. ఇంతకన్నా గట్టి జవాబు లేదు. ఆయన బతికి ఉంటే దానిని తప్పక చదివేవారని మేము అనుకుంటున్నాం.

1952 ఎన్నికల్లో ఆయన కాంగ్రెసు పక్షాన వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ఎక్కువ కాలం సేవ చేసే భాగ్యం మనకు దక్కలేదు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 57 ఏళ్లు. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకే వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెడుతూ తెలంగాణ శాసనసభ చట్టం చేసింది. నవ్వులపాలైన భాషకు విశ్వవిద్యాలయం, దానికి నడిగడ్డ బిడ్డ పేరు. మనందరికీ సంతోషం.

పాఠకులకు మా మనవి ఒక్కటే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో మన ఇళ్లల్లో ఎనభై, తొంభై ఏళ్ల పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. సెలవుల్లో ఇంటికి వచ్చిన పిల్లలు వారి దగ్గర కూర్చోవాలి. మీ ఊరేది, మీ అబ్బాజాన్ ఏం పని చేసేవారు, కష్టకాలంలో ఎవరు తలుపు తీశారు అని అడగాలి. వాళ్లు తెలుగులో చెబితే తెలుగులో, దక్కనీలో చెబితే దక్కనీలో ఉన్నది ఉన్నట్టు రాయాలి. భాష శుద్ధంగా లేదని దిద్దవద్దు. దెబ్బ కొట్టినవారి సంగతి ఎంత నిజంగా రాస్తారో, అన్నం పెట్టి దాచినవారి సంగతి కూడా అంత నిజంగా రాయండి. మనవాళ్ల తప్పులుంటే వాటినీ దాచవద్దు. చెప్పడం ఇష్టం లేని పెద్దలను బలవంతపెట్టవద్దు, వారి పక్కన కూర్చున్నా చాలు.

ప్రతాపరెడ్డి గారి దగ్గర ఉన్నవి ఒక చిన్న పత్రిక, ఒక కలం, ఓపిక. మన దగ్గర ఈ సావనీరు ఉంది. వచ్చే సంచికలో కొన్ని పేజీలు ఇందుకే కేటాయించాలని మేము సంఘం పెద్దలను కోరుతున్నాం. పది పేర్లతో మొదలైనా ఫరవాలేదు. ఈ పనికి అల్లాహ్ మనందరికీ శక్తిని ప్రసాదించుగాక.